ఉతికిన ఎర

పురుగుల్ని ఉతికిన మనిషిని మీరెక్కడైనా చూశారా? చూడకపోతే మా లాండ్రీకి రండి. కౌంటర్ వెనకాల ముక్కు మీద కళ్ళజోడూ, దాని పక్కనే కోపమూ పెట్టుకుని కూర్చున్న మనిషిని నేనే.

ఇరవై రెండేళ్ళుగా ఈ లాండ్రీ మా ఆయనా నేనూ నడుపుతున్నాం. ఇస్త్రీ ఆయనది, మరకలు నావి. సిరా గానీ, తుప్పు గానీ, రక్తం గానీ, నా చేతిలో పడ్డాక వదలకుండా ఉన్న మరక లేదు. వీధిలో నా చేతికీ పేరుంది, నోటికీ పేరుంది. రెండూ ఒకే రకం పేర్లు కావు. మా ఆయన సంగతి వేరు, నోట్లో నాలుక లేని మనిషి. రోజుకి పది మాటలు మాట్లాడితే ఎక్కువ, అందులో నాలుగు "ఊఁ"లే. పాపం, దేవుడు ఆయనకి మాటలు తక్కువ ఇచ్చాడు, ఆ కొరతంతా నేను తీరుస్తున్నాను అనుకునేదాన్ని.

ఆయనకున్న ఒకే ఒక్క పిచ్చి చేపలు పట్టడం. ప్రతి ఆదివారం పొద్దున్నే ఊరి చివర చెరువుకి పోయి, మధ్యాహ్నం దాకా గాలం వేసుకు కూర్చుని, పట్టిన చేపల్ని తూకం వేయించి, మళ్ళీ నీళ్ళలోకే వదిలేసి వస్తారు. తినడానికి కాదు, అమ్మడానికి కాదు. మరి దేనికయ్యా అంటే "ఊఁ".

అది కూడా భరించాను. భరించలేనిది ఎర. ఈగ పురుగులు. బియ్యపు గింజకన్నా కాస్త పొడుగ్గా, తెల్లగా, డబ్బా నిండా ఒకదానిమీద ఒకటి మెదులుతూ ఉంటాయి. అవి వెచ్చగా ఉంటే రెండు మూడు రోజుల్లో గట్టిపడి గోధుమరంగు గుళికలయిపోతాయి, ఆ తర్వాత ఈగలవుతాయి. అందుకని చేపలు పట్టేవాళ్ళు వాటిని ఫ్రిజ్‌లో పెడతారట. "నా ఫ్రిజ్‌లో పెట్టారంటే ఫ్రిజ్‌తో సహా మిమ్మల్నీ వీధిలో పెడతాను" అని పెళ్ళయిన మొదటి నెలలోనే చెప్పేశాను. ఆ రోజు నుంచి ఆయన డబ్బాని కింద షాపులో, నీళ్ళ తొట్టి పక్కన చల్లటి గచ్చు మీద పెట్టుకునేవారు.

నెలన్నర కిందట ఒక శనివారం నేను షాపు నేలంతా సబ్బునీళ్ళతో కడిగాను. అప్పటికే ఉదయం ఒకసారి కడిగాను, అయినా మళ్ళీ కడిగాను. మా ఆయన చేతుల నిండా కోట్లు పట్టుకుని లోపలి గదిలోంచి వచ్చి, సర్రున జారి పడ్డారు. పడుతూ కూడా కోట్లని రెండు చేతులా పైకెత్తి పట్టుకున్నారు, ఒక్కటీ నేలకి తగలనివ్వలేదు. చీలమండ రెండు చోట్ల విరిగింది. నేను పరుగెత్తుకొచ్చి మొదట అడిగిన మాట ఏమిటో తెలుసా? "కోట్లకేం కాలేదు కదా?" అన్నాను. ఈ మాట ఇప్పుడు గుర్తొచ్చినా నా చెంప నేనే పగలగొట్టుకోవాలనిపిస్తుంది.

అలా రెండు ఆదివారాలు గడిచాయి. ఆయన మేడ మీద మంచంలో, మోకాలి దాకా సిమెంటు కట్టుతో, కాలు రెండు దిళ్ళ మీద పెట్టుకుని పైకప్పు చూస్తూ పడుకున్నారు. మూడో శనివారం మధ్యాహ్నం నేను పక్కదుప్పటి మారుస్తుంటే అన్నారు.

"రేపు మూడో ఆదివారం."

"అయితే?"

అప్పుడు చెప్పారు. చెరువు చుట్టూ ఇరవై చెక్క బల్లలున్నాయి, ఒక్కో సభ్యుడికి ఒక్కోటి. ఆయనది పదకొండో నంబరు. వరసగా మూడు ఆదివారాలు ఒక బల్ల నుంచి పన్నెండు గంటల లోపల ఒక్క చేపైనా తూకానికి రాకపోతే, ఆ బల్ల వరసలో తర్వాత ఉన్నవాడికి పోతుంది. సభ్యుడికి వీలుకాకపోతే ఇంట్లోవాళ్ళు కూర్చోవచ్చు. కానీ ఎవరి ఎర వాళ్ళదే. పక్కవాడి ఎరతో పడితే ఆ చేప పక్కవాడి లెక్కలోకి పోతుంది. ఆ బల్ల కోసం ఆయన తొమ్మిదేళ్ళు వరసలో నిలబడ్డారట. మా ఇంట్లో ఉన్నది మేమిద్దరమే.

"పోతే పోనివ్వండి, ఆ చెక్క ముక్క లేకపోతే బతుకు వెళ్ళదా?" అన్నాను.

"ఊఁ" అని గోడవైపు తిరిగారు.

ఆయన ఊఁలన్నీ నాకు తెలుసు. ఆకలి ఊఁ వేరు, విసుగు ఊఁ వేరు, వినకుండా అనే ఊఁ వేరు. ఇది నేను ఎన్నడూ విననిది. వంటింట్లోకి పోయి, కడిగిన గిన్నెల్నే మళ్ళీ కడిగాను. కోట్లకేం కాలేదు కదా అన్న మాట చెవిలో మోగుతూనే ఉంది. తడి చేతులతోనే తిరిగొచ్చి మంచం దగ్గర నిలబడ్డాను.

"ఆ దిక్కుమాలిన పురుగుల్ని ఎలా గుచ్చాలో చెప్పండి" అన్నాను.

ఆయన మొహం ఎలా వెలిగిందో చెప్పలేను. లేచి కూర్చుని ఒక బియ్యపు గింజా, గుండుసూదీ తెప్పించుకుని పాఠం మొదలుపెట్టారు. పురుగుకి ఒక కొస సన్నగా ఉంటుంది, అది తల. రెండో కొస మొద్దుగా ఉండి దాని మీద కళ్ళలాంటి రెండు చుక్కలుంటాయి. అక్కడ చర్మాన్ని అంచున మాత్రం కొక్కేనికి తగిలించాలి. లోతుగా గుచ్చితే రసం కారి చచ్చిపోతుంది, చచ్చిన పురుగుని చేప ముట్టదు. కదలాలి. కొన్ని పురుగుల్ని కొంచెం కొంచెంగా నీళ్ళలో చల్లుతూ ఉండాలి, అప్పుడు చేపలు అక్కడే తిరుగుతాయి.

"ఇంకో ముఖ్యమైన మాట, వాటిని ఎప్పుడూ..."

"తెలుసులెండి, ఫ్రిజ్‌లో పెట్టొద్దు. నేను పెట్టిన రూలే కదా!" అని లేచి వచ్చేశాను. ఆయన మాట అక్కడే ఆగిపోయింది. ఆపింది నేనే.

సాయంత్రం ఎరల కొట్టుకి పోయి ఒక డబ్బా నిండా పురుగులు తెచ్చాను. షాపులో మూత తీశానో లేదో, గుప్పుమని వాసన ముక్కుకి కొట్టింది. పశువుల కొట్టం కడగకుండా నెల రోజులు వదిలేస్తే వచ్చే ఘాటు. పురుగులకి పరుపుగా వేసిన రంపపు పొట్టంతా తడిసి జిగురుగా ఉంది. ఇంత మురికిలో పెట్టిన తిండిని ఏ చేపైనా ఎందుకు తింటుంది? నేనైతే తినను. అప్పుడు నా బుర్రలో ఆ గొప్ప ఆలోచన పుట్టింది.

జల్లెడలో పోశాను. గోరువెచ్చటి నీళ్ళు పట్టాను. ఉన్ని బట్టల సబ్బు ఒక చుక్క, ఒకే ఒక్క చుక్క వేశాను, ఎందుకంటే అది మెత్తటి సరుకుకి వాడేది. రెండుసార్లు జాడించాను. వాసన చూసి, మూడోసారి కూడా జాడించాను. ఎంత తెల్లగా వచ్చాయంటే, మా షాపులో ఉతికిన ఏ చొక్కా అంత తెల్లగా రాలేదు. ఆ మురికి పొట్టంతా పారేసి, కడిగిన ప్లాస్టిక్ డబ్బాలో తడి తడిగా వేసి, గాలి కన్నాలున్న మూత పెట్టి, హ్యాంగర్ల కింద అరలో పెట్టి పైకి వెళ్ళాను. ఇరవై రెండేళ్ళలో ఈ మగవాళ్ళకెవ్వరికీ తట్టని విషయం నాకు ఒక్క సాయంత్రంలో తట్టిందని ఎంత మురిసిపోయానో!

పొద్దున్న ఐదున్నరకి కిందికి దిగి డబ్బా ఎత్తితే తేలిగ్గా వచ్చింది. మూత తీస్తే అడుగున నాలుగో ఐదో ఉన్నాయి.

మీకు తెలియకపోతే చెబుతున్నాను, నాకూ అప్పటిదాకా తెలియదు. పొడిగా ఉన్న పురుగు నున్నటి గోడ ఎక్కలేదు, జారి కిందపడుతుంది. తడి పురుగు అతుక్కుని, బల్లిలాగా ఎంతదూరమైనా ఎక్కిపోతుంది. మా ఆయన చెప్పబోయిన ముఖ్యమైన మాట అదే అయ్యుంటుంది.

షాపంతా దీపాలు వేసి మోకాళ్ళ మీద పడ్డాను. కౌంటర్ మీద ఒకటి దొరికింది. ఇస్త్రీ బల్ల కాలి మీద మూడు. తెల్ల చొక్కాల కట్టలో కాలర్ కింద రెండు. వకీలుగారి నల్లకోటు జేబులో ఏడు ఒకదాన్నొకటి ఆనుకుని హాయిగా పడుకున్నాయి. ఒక్కోదాన్నీ రెండు వేళ్ళతో ఏరుతూ, "రామ్మా, రా తల్లీ, బయటికి రా" అని పిలుస్తున్నాను. వెతకగా వెతకగా మొత్తం ఇరవై ఆరు దొరికాయి. మిగతా వాటి సంగతి అప్పుడు తెలియలేదు. పన్నెండు రోజుల తర్వాత షాపు నిండా ఈగలు ముసిరి, కస్టమర్లు ముక్కు మూసుకుని పారిపోతుంటే తెలిసింది.

"అంతా సరిగ్గానే ఉందా?" మేడ మీంచి మా ఆయన గొంతు.

"ఆఁ, భేషుగ్గా ఉంది!" అని అరిచి, ఇరవై ఆరింటినీ జేబురుమాలుతో తుడిచి, తవుడులో వేసుకుని, గాలపు కర్ర భుజాన వేసుకుని బయల్దేరాను. ఇంకో డబ్బా కొందామంటే కొట్టు మూసి ఉంది. ఎరల కొట్టాయన ఆదివారం చేపలకి పోతాడట.

చెరువు దగ్గర చలి ఎముకల్లోకి దిగుతోంది. నీళ్ళ మీద మంచు ఇంకా విడలేదు. పదో నంబరు బల్ల మీద తాళాలు బాగుచేసే ఆయన కూర్చుని ఉన్నాడు. మా షాపు తాళం మూడుసార్లు బాగుచేసిన మనిషే.

"రండి వదినా, అన్నయ్య కాలెలా ఉంది?" అని లేచి నా కర్రకి దారం, నీళ్ళ మీద తేలే బెండు, కొక్కెం అన్నీ సరిచేసి ఇచ్చాడు.

పదకొండో బల్ల వెనకాల గట్టు మీద ఇంకొకాయన ఉన్నాడు. చక్కగా దువ్విన తల, మెడకి మఫ్లరు, చంకలో మడత కుర్చీ.

"నమస్కారమండీ, నేను పళ్ళ డాక్టర్ని. వరసలో తర్వాత ఉన్నది నేనే. మీరు నిదానంగా కూర్చోండి, నాకేం తొందర లేదు" అన్నాడు. తొందర లేని మనిషి ఆరింటికే ఎందుకొచ్చాడో నేను అడగలేదు. ఆ కుర్చీ వంక మాత్రం ఒక చూపు చూశాను.

గట్టు చివర తూకం పెద్దాయన త్రాసు వేలాడదీసుకుంటున్నాడు. నా దగ్గరికి వచ్చి రూలు ఒకసారి వినిపించాడు. "చేప చిన్నదైనా పర్వాలేదమ్మా, ముల్లు కదలాలి. పన్నెండుకి ఈల వేస్తాను. ఆ తర్వాత తిమింగలం తెచ్చినా తూచను."

ఇక నా ప్రతాపం వినండి. మొదటి పురుగుని లోతుగా గుచ్చాను, పగిలిపోయింది. దానికి క్షమాపణ చెప్పాను. రెండోది చేతిలోంచి జారి నీళ్ళలో పడింది. మూడోదాన్ని సరిగ్గానే తగిలించాను గానీ, గాలం విసిరితే వెనక పళ్ళ డాక్టరుగారి మఫ్లరు పట్టుకుంది. ఆయన చిరునవ్వుతోనే విడిపించుకున్నాడు. నాలుగో పురుగు మొదలు పదోదాని దాకా చేపలు కొక్కెం ముట్టకుండా పురుగుని మాత్రం తినేసి పోయాయి. కొంచెం కొంచెంగా చల్లమన్నారు కదా అని ఆరింటిని చల్లాను, ఆ తర్వాత లెక్క చూసుకుని లబోదిబోమన్నాను. ఇదంతా చేస్తూ నోరు ఊరుకుంటుందా? బెండుని తిట్టాను, గాలిని తిట్టాను, మా కస్టమర్లలో జేబులో పెన్ను వదిలేసేవాళ్ళ గురించి తాళాలాయనకి మొదటినుంచి చెప్పాను.

"వదినా, మాటలకి చేపలు భయపడవులెండి, కానీ బెండు మునిగిన ప్రతిసారీ మీరు నావైపు చూస్తున్నారు" అన్నాడాయన మెల్లగా.

పదకొండున్నరకి మిగతావీ అలాగే పోయి డబ్బాలో తవుడు తప్ప ఏమీ మిగల్లేదు. వెనకాల టక్కున చప్పుడైంది. పళ్ళ డాక్టరు కుర్చీ విప్పుతున్నాడు. మంచం మీద బియ్యపు గింజ పట్టుకుని పాఠం చెప్పిన మొహం కళ్ళ ముందుకొచ్చింది. ఇప్పుడు ఇంటికి పోయి ఏమని చెప్పను? ఉతికానండీ, అని చెప్పనా?

అప్పుడు ఎడమచేతి మణికట్టు దగ్గర దురద పెట్టింది. స్వెట్టరు చెయ్యి మడత విప్పితే లోపల రెండు పురుగులు! నేను వాటిని వెతుకుతుంటే అవి నన్నే పట్టుకుని వచ్చాయి. ఆనందంతో కేక పెట్టాను. కానీ అరచేతిలో వేసుకుని చూస్తే ఉలుకూ లేదు, పలుకూ లేదు. చలికి కొయ్యబారిపోయాయి.

"చావలేదు వదినా, బిగుసుకున్నాయంతే. వెచ్చబెడితే కదులుతాయి" అన్నాడు తాళాలాయన.

ఊదాను, రుద్దాను, చంకలో పెట్టుకుందామా అనుకున్నాను. నా వేళ్ళే మంచుగడ్డల్లా ఉన్నాయి.

"అలా కాదు, ఇలా" అని ఆయన కింది పెదవి వేలితో లాగి చూపించాడు. పెదవికీ పళ్ళకీ మధ్య నాలుగు పురుగులు హాయిగా మెదులుతున్నాయి. పొద్దున్నుంచీ ఆ నోటితోనే నాతో మాట్లాడుతున్నాడు!

"ఛీ ఛీ, చస్తే పెట్టుకోను!"

"మీ ఇష్టం. ఇంకో ఇరవై నిమిషాలుంది."

పళ్ళ డాక్టరు వెనకనుంచి ముందుకు వంగి, "వైద్యపరంగా నేను ఇది చెయ్యమని చెప్పలేను" అన్నాడు.

ఆ మాటతో నాకు పౌరుషం వచ్చింది. ఒకటికి రెండుసార్లు గిన్నెలు కడిగే దాన్ని, పక్కింటివాళ్ళ గ్లాసులో మంచినీళ్ళయినా తాగని దాన్ని, కళ్ళు గట్టిగా మూసుకుని రెండింటినీ కింది పెదవిలో పెట్టుకున్నాను. ఒక్క విషయంలో మాత్రం ధైర్యం చెప్పుకున్నాను. అవి మూడుసార్లు జాడించినవి.

"నాకంటే అలవాటు, మీరిక నోరు తెరవకండి. తెరిస్తే గొంతులోకి పోతాయి" అన్నాడు తాళాలాయన.

అలా మా పెళ్ళయ్యాక మొదటిసారి నేను మెలకువగా ఉండి కూడా నోరు మూసుకుని కూర్చున్నాను. చెరువంతా నిశ్శబ్దమైపోయింది. తాళాలాయన నన్ను ఎగాదిగా చూసి నవ్వాడు.

"మీరు ఇలా కూర్చుంటే అన్నయ్య చెప్పే మనిషి మీరేనా అని అనుమానంగా ఉంది వదినా."

కనుబొమ్మలు ఎగరేశాను.

"ఏం చెబుతాడంటారా? అబ్బో! ఆయన నోరు తెరిస్తే మాకిక సినిమా ఎందుకు? ఆరింటికి మొదలుపెడితే ఈల వేసేదాకా ఆపడే."

ఎవరి గురించో మాట్లాడుతున్నాడనుకున్నాను. బల్ల మీద పదకొండు అంకె మీద వేలుతో కొట్టి చూపించాను.

"ఆఁ, పదకొండే. మీ ఆయనే. మిమ్మల్ని అనుకరిస్తే అచ్చం మీరు దిగొచ్చినట్టే ఉంటుంది. చొక్కా దీపానికి ఎత్తి పట్టుకుని, కళ్ళజోడు పైనుంచి కస్టమర్ని చూసి, 'ఇది కాఫీ మరక కాదు బాబూ, అబద్ధం మరక' అంటారట కదా? ఆ ముక్కకి మొన్న నేను నవ్వలేక నీళ్ళలో పడబోయాను."

"సిరా మరకని బుజ్జగించేది ఇంకా బాగుంటుంది" అన్నాడు పళ్ళ డాక్టరు వెనకనుంచి. "అది వినడానికే నేను రెండేళ్ళుగా ఇక్కడ నిలబడుతున్నాను. ఈ బల్ల నాకొస్తే ఆయనుండడు, అదే చిక్కు."

కడుపు మండిపోయింది. ఇరవై రెండేళ్ళు నోట్లో నాలుక లేదని జాలిపడ్డానే, ఆ మనిషికి చెరువు చెరువంతా సరిపోయేంత నాలుక ఉందా? దాన్ని ఇంట్లో దాచిపెట్టి, ఇక్కడికి తెచ్చుకుని ఆడిస్తున్నాడా? జవాబు చెబుదామంటే నోట్లో పురుగులు. జవాబు చెప్పలేను కాబట్టి ఆలోచించాల్సి వచ్చింది. ఆలోచిస్తే ఇంకో సంగతి తట్టింది. నిన్న ఆయన ముఖ్యమైన మాట చెప్పబోతే ఏం చేశాను? ఆయనకి మాటలు రాక కాదు, నేను సందివ్వక. అది తట్టగానే కోపం ఎటు పోయిందో తెలియదు, సిగ్గుతో మెడ దాకా వేడెక్కింది.

పెదవి లోపల ఏదో గిలిగింతలు పెట్టింది. పురుగులు లేచాయి. ఒకదాన్ని తీసి మొద్దు కొసన, రెండు చుక్కల దగ్గర, అంచున తగిలించాను. రెండోదాన్ని లోపలే ఉంచి నోరు మూసుకుని గాలం వేశాను. ఈసారి బెండు మీంచి కళ్ళు తిప్పలేదు.

ఈలకి ఐదు నిమిషాలుందనగా బెండు ఒకసారి వణికి బుడుంగున మునిగింది. కర్ర లేపితే అవతల బరువు తగిలింది. దారం అటూ ఇటూ లాగుతోంది. ఒట్టేసి నిజం చెబుతున్నాను, ఆ క్షణంలో నాకు వదిలేద్దామనిపించింది. కాస్త దారం వదులు చేస్తే చాలు, చేప పోతుంది, బల్ల పోతుంది. ఆదివారాలు ఆయన ఇంట్లోనే ఉంటారు. ఏం, మాట్లాడితే ఇంట్లో మాట్లాడకూడదా? నేను నవ్వనా? నాకు నవ్వడం రాదా?

ఇంట్లో ఉండి గోడవైపు తిరిగి ఆ ఊఁ అంటారు. అదే గుర్తొచ్చింది. ఆయనకి మాటలున్న చోటు ఇదొక్కటే. దీన్ని కూడా నేనే కడిగేస్తే ఇక మిగిలేది ఏముంది? కర్ర బిగించి పైకి లాగాను. తాళాలాయన వల పట్టాడు. అరచేతిలో సగం కూడా లేని వెండి రంగు చేప. దాన్ని రెండు చేతులా పట్టుకుని గట్టు మీద పరుగెత్తాను. వెనకాల మడత కుర్చీ వదిలేసి పళ్ళ డాక్టరు కూడా పరుగెత్తాడు.

తూకం పెద్దాయన చేపని పళ్ళెంలో వేసి, కళ్ళజోడు తుడుచుకుని చూశాడు. ముల్లు కాస్త ఊగి, ఒక వెంట్రుకవాసి పక్కకి జరిగి ఆగింది.

"కదిలింది. పదకొండో నంబరు, ఒక చేప" అని రాసుకుని ఈల వేశాడు.

"కదిలింది, కదిలింది!" అని నేను గంతులేశాను. మూడో గంతులో రెండో పురుగు గుర్తొచ్చింది. నాలుకతో పెదవి లోపలంతా వెతికాను. పళ్ళ డాక్టరు నా గడ్డం పట్టి నోరు తెరిపించి, వెలుతురువైపు తిప్పి శ్రద్ధగా చూశాడు.

"పళ్ళు చాలా బాగున్నాయండీ. పురుగు మాత్రం లేదు" అన్నాడు.

ఇంటికి వెళ్ళేదాకా దారి పొడుగునా ఉమ్ముతూనే ఉన్నాను. మేడెక్కేసరికి మా ఆయన మంచం మీద నిటారుగా కూర్చుని తలుపువైపే చూస్తున్నారు. ఏమైందని అడగడానికి కూడా భయపడుతున్నారు.

"బల్ల మీదే. ముల్లు కదిలింది" అన్నాను.

ఆయన రెండు చేతులతో మొహం కప్పుకున్నారు. నేను నీళ్ళు తాగి, పుక్కిలించి, మళ్ళీ తాగి, మంచం అంచున కూర్చుని జరిగిందంతా చెప్పేశాను. ఉతకడం, జాడించడం, వకీలుగారి జేబు, పెదవి, మింగడం, ఏదీ దాచలేదు. ఆయన నవ్వుతో మంచం ఊగిపోయింది. సిమెంటు కాలు దిళ్ళ మీంచి జారిపోతే నేనే పట్టుకుని మళ్ళీ పెట్టాను. ఆ నవ్వు తగ్గేదాకా ఆగి అడిగాను.

"ఏదీ, నన్ను అనుకరించండి చూద్దాం."

నవ్వు టక్కున ఆగింది. ఆయన మొహం పాలిపోయింది.

"తాళాలాయన చెప్పాడులెండి. కోపం లేదు. ఉంది, కానీ తర్వాత చూసుకుందాం. ముందు చెయ్యండి."

మొదట తటపటాయించారు. తర్వాత దిండు గలీబు ఒకటి తీసి గాల్లోకి ఎత్తి పట్టుకుని, కళ్ళు చికిలించి, లేని కళ్ళజోడు పైనుంచి నన్ను చూశారు. చూపు నాదే! అబద్ధం మరక అన్నారు. గొంతు నాదే! సిరాని బుజ్జగించారు, పెన్ను మర్చిపోయినవాణ్ణి కడిగేశారు, కడిగిన గిన్నెని ముక్కు దగ్గర పెట్టుకుని మళ్ళీ కడిగారు. నాకు కోపం రావాలి. నవ్వీ నవ్వీ పక్కలో నొప్పొచ్చింది. ఇంత బాగా చూశాడా ఈ మనిషి నన్ను అనిపించింది.

చివర ఒకటి చేశారు. "వెళ్ళండి, వెళ్ళండి, ఆ చేపలే మీకు వండిపెడతాయి!" అని అరిచి, తలుపు ధడాలున వేసినట్టు చేతులు చరిచారు. అది ప్రతి ఆదివారం నేను చేసే పనే. అక్కడితో అయిపోయిందనుకున్నాను. కానీ ఆయన దుప్పటి అంచుని రెండు వేళ్ళతో పట్టుకుని, కిటికీ తెరలాగా కొంచెం పక్కకి జరిపి, ఒక కన్నుతో బయటికి తొంగి చూశారు. మెడ సాచి, వీధి చివరిదాకా ఎవరినో చూస్తున్నట్టు, వాళ్ళు మలుపు తిరిగేదాకా చూస్తున్నట్టు చూశారు. అప్పటిదాకా బిగుసుకుని ఉన్న నా మొహం ఆయన మొహం మీద మెల్లగా మెత్తబడింది. తర్వాత తెర వదిలేశారు.

నా నవ్వు పోయింది. అది ఎవరికీ తెలియదనుకున్నాను. ఇరవై రెండేళ్ళుగా ఆ కిటికీ దగ్గర నేను నిలబడేది నాకొక్కదానికే తెలుసనుకున్నాను.

"మీకెలా తెలుసు?"

"మలుపులో కళ్ళజోళ్ళ షాపు అద్దముంది కదా. అందులో మన కిటికీ కనిపిస్తుంది. అక్కడ ఆగి డబ్బా సర్దుకుంటాను."

ఏడుపొచ్చింది, ముక్కు చీది కప్పేశాను.

"ఇది కూడా వాళ్ళకి చేసి చూపించారా?"

"లేదు. ఇది చెయ్యలేదు."

"అన్నీ చేసినవాళ్ళు ఇదొక్కటీ ఎందుకు వదిలేశారు?"

ఆయన దుప్పటి సరిగ్గా మడత పెట్టి, అంచులు కలిపి, కాలి పక్కన పెట్టుకున్నారు.

"వాళ్ళు నవ్వుతారేమోనని" అన్నారు.